పది వేల పరిమితి: సైనికుల పిల్లల చదువు ఖర్చు ఏ పద్దులో?

సైనిక సంక్షేమం మీద ఎస్సే రాయమంటే మనలో చాలామంది వన్ ర్యాంక్ వన్ పెన్షన్‌తో మొదలుపెట్టి అక్కడే ముగించేస్తాం. జంతర్ మంతర్ దీక్షలు, 2015 నాటి ప్రకటన, 2022 సుప్రీంకోర్టు తీర్పు రాసేసరికి రెండు పేజీలు నిండిపోతాయి. ఆ పెద్ద వివాదం పక్కనే 2017 సెప్టెంబరు నుంచి 2018 మార్చి దాకా ఇంకో చిన్న వివాదం నడిచింది. ఏడాదికి 3.20 కోట్ల రూపాయలు, సుమారు 250 మంది విద్యార్థులు, అంతే దాని పరిమాణం. అయినా ప్రభుత్వం ఇచ్చే సొమ్ముల్లో ఏది బాకీ, ఏది భత్యం, ఏది దానం అన్న తేడా అర్థం కావాలంటే నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. అందుకే ఈసారి చరిత్ర వ్యాసానికి దీన్ని తీసుకున్నాను.

ఇది సూరత్ నుంచి రాస్తున్నాను. లింబాయత్ వైపు కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చి పవర్‌లూమ్‌ల మీద బతికిన పద్మశాలి కుటుంబాలు ఎక్కువ. మా వీధిలో సైన్యంలో చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సైనిక కుటుంబాలకు చందాలు వసూలైనప్పుడు మాత్రం ఈ ఊరు ముందు వరుసలో ఉంటుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను, ఎందుకంటే చందా గురించి మాట్లాడే ముందు హక్కు ఎక్కడ పుట్టిందో చూడాలి.

1971 డిసెంబర్ 18

డిసెంబర్ 16 అందరికీ కంఠతా వచ్చు. ఢాకాలో నియాజీ లొంగిపోయిన రోజు. దానికి రెండు రోజుల తరువాత, 18న, ప్రభుత్వం లోక్‌సభలో ఒక ప్రకటన చేసింది. యుద్ధంలో చనిపోయిన, గల్లంతైన, శాశ్వతంగా వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చు కేంద్రం భరిస్తుందని దాని సారాంశం. అప్పటి రక్షణ మంత్రి జగ్జీవన్ రామ్. 1972 నుంచి పథకం అమల్లోకి వచ్చింది. ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు పూర్తిగా ఇస్తారు. బడికి వెళ్లిరావడానికయ్యే ఖర్చు, పుస్తకాలు, యూనిఫాం కూడా ఇందులో ఉన్నాయి. మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా వర్తిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ట్యూషన్, హాస్టల్ ఖర్చులకు పై పరిమితి పెట్టకపోవడం. పుస్తకాలకు, యూనిఫాంకు చిన్న చిన్న మొత్తాలు నిర్ణయించారు, అసలు ఖర్చుకు మాత్రం గీత గీయలేదు. 1972లో అది పెద్ద సాహసం కూడా కాదు. అప్పట్లో చదువంటే చాలావరకు సర్కారు కాలేజీయే. అక్కడి ఫీజు ఖజానాకు భారమయ్యే మొత్తం కాదు. 'ఎంతైనా ఇస్తాం' అనడం తేలికగా ఉన్న కాలంలో ఆ మాట అనేశారు. తరువాత ఇంజినీరింగ్, మెడిసిన్, మేనేజ్‌మెంట్ చదువులు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి ఫీజులు లక్షల్లోకి పోయాయి. మాట మాత్రం అలాగే మిగిలింది. 2017 గొడవకు విత్తనం ఇక్కడే పడింది.

ఇంకో లోటు కూడా మొదటి రోజు నుంచే ఉంది. యుద్ధం ముగిసిన ఊపులో వచ్చిన పథకం కాబట్టి అది ప్రకటిత యుద్ధాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆ తరువాత మన సైనికులు ఎక్కువగా చనిపోయింది ప్రకటిత యుద్ధాల్లో కాదు. 1984 ఏప్రిల్‌లో ఆపరేషన్ మేఘదూత్‌తో సియాచిన్ ఎక్కాం. 1987లో ఆపరేషన్ పవన్‌తో శ్రీలంక వెళ్లాం. ఈ రెండు ఆపరేషన్ల కుటుంబాలకు విద్యా రాయితీ వర్తింపజేసింది 2003లో. లెక్క మీరే వేయండి. 1984లో సియాచిన్‌లో తండ్రిని పోగొట్టుకున్న పసిబిడ్డకు 2003 నాటికి పందొమ్మిదేళ్లు. బడి చదువంతా అయిపోయి డిగ్రీలో ఉండాల్సిన వయసు. ఉగ్రవాద, తిరుగుబాటు నిరోధక చర్యల్లో చనిపోయినవారి పిల్లలకు విస్తరించింది 2010లో. కశ్మీర్, ఈశాన్య రాష్ట్రాల్లో అప్పటికి ఎన్ని దశాబ్దాలుగా ప్రాణాలు పోతున్నాయో మనకు తెలుసు.

ఇక్కడ ఒక పరీక్ష చిట్కా. జవాబుల్లో 'శహీద్', 'అమరవీరుడు' అన్న మాటలు ధారాళంగా వాడతాం. సైన్యం పరిభాషలో అలాంటి అధికారిక పదం లేదని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అక్కడ ఉన్నది 'బ్యాటిల్ క్యాజువాల్టీ', 'ఫిజికల్ క్యాజువాల్టీ' అన్న వర్గీకరణ. మరణ ధ్రువపత్రం మీద ఈ రెండింటిలో ఏది పడిందన్నదాన్ని బట్టి ఆ ఇంటికి వచ్చే సొమ్ములు చాలావరకు మారిపోతాయి. సంక్షేమ రాజకీయం సగం నిర్వచనాల్లోనే నడుస్తుందని పాలిటీ నోట్సులో మనం రాసుకునేది ఇలాంటిదే.

భత్యాల జాబితాలో పడ్డ బాకీ

జస్టిస్ అశోక్ కుమార్ మాథుర్ నాయకత్వంలోని ఏడో వేతన సంఘం 2015 నవంబరులో నివేదిక ఇచ్చింది. జీతాల సంగతి అటుంచితే, అది చేసిన పెద్ద పని భత్యాల ప్రక్షాళన. 196 అని కొన్ని చోట్ల, 197 అని కొన్ని చోట్ల లెక్క కనిపిస్తుంది. అందులో 52 రద్దు చేయమంది, 36 వేరే వాటిలో కలిపేయమంది. ఆ పని అవసరమే. సైకిల్ భత్యం, జుట్టు కత్తిరింపు భత్యం లాంటివి చదివితే నవ్వొస్తుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, యుద్ధంలో పోయినవాడి బిడ్డ ఫీజు కూడా అదే గంపలో పడింది. ఉద్యోగుల పిల్లల చదువు భత్యానికి ఎలా గీత గీస్తారో దీనికీ అలాగే గీశారు. ట్యూషన్, హాస్టల్ రెండూ కలిపి నెలకు 10,000 రూపాయలు దాటకూడదు. భత్యాల మీద ప్రభుత్వ నిర్ణయం 2017 జూలైలో వచ్చింది. రక్షణ శాఖ ఉత్తర్వు సెప్టెంబర్ 13న వచ్చింది. అప్పటికి విద్యా సంవత్సరం మొదలై, పిల్లలు కాలేజీల్లో చేరిపోయి ఉన్నారు.

ఆర్థిక శాఖ వైపు నుంచి ఆలోచిస్తే వాదన బలహీనమైనదేమీ కాదు. రక్షణ శాఖ సహాయ మంత్రి సుభాష్ భామ్రే రాజ్యసభకు ఇచ్చిన జవాబు ప్రకారం ఒక విద్యార్థికి ఏడాదిలో చెల్లించిన అత్యధిక మొత్తం 18.95 లక్షలు. ఒకే పథకం కింద ఒకరికి కొన్ని వేలు, ఇంకొకరికి పంతొమ్మిది లక్షలు అంటే ఆడిటర్ ప్రశ్న వేయకుండా ఉండడు. పరిమితి లేని పద్దు అంటే కాలేజీ యాజమాన్యం ఎంత ఫీజు పెడితే ఖజానా అంత కట్టాలి అని కూడా అర్థం. ఫీజు రీయింబర్స్‌మెంట్ అన్న మాట వింటే తెలుగువాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం బకాయిల కథ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

అదే జవాబులో మిగతా రెండు అంకెలు చూస్తే వాదన తిరగబడుతుంది. పరిమితి వల్ల నష్టపోయేది సుమారు 250 మంది విద్యార్థులు. మిగిలేది ఏడాదికి సుమారు 3.20 కోట్లు. భాగిస్తే తలా 1.28 లక్షలు. అంటే పరిమితి ప్రకారం ఏడాదికి గరిష్ఠంగా వచ్చేది 1.20 లక్షలైతే, కోత పడేది సగటున దానికన్నా ఎక్కువ. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోనో మెడిసిన్ మూడో ఏడాదిలోనో ఉన్న పిల్లకు సగానికి పైగా ఫీజు ఒక్కసారిగా ఇంటి మీద పడుతుంది. ఇంట్లో సంపాదించేవాడు లేడు కాబట్టే ఆ పిల్ల ఈ జాబితాలో ఉంది. ఇటువైపు చూస్తే ఆ ఏడాది రక్షణ బడ్జెట్, పెన్షన్లు తీసేసినా, రెండున్నర లక్షల కోట్లకు పైనే. (అప్పట్లో పత్రికల్లో నష్టపోయే పిల్లల సంఖ్య ఇంకా పెద్దదిగా తిరిగింది. జవాబులో మాత్రం సభలో చెప్పిన సంఖ్యే రాయండి.)

అప్పటి నౌకాదళాధిపతి, త్రివిధ దళాధిపతుల కమిటీ అధ్యక్షుడు అడ్మిరల్ సునీల్ లాంబా రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్‌కు లేఖ రాశారు. పరిమితి తీసేయమని కోరారు. సర్వీసులో ఉన్న దళాధిపతి ఒక ఆర్థిక ఉత్తర్వు మీద మంత్రికి రాయడం, అది పత్రికల్లోకి రావడం మామూలు సంగతి కాదు. మాజీ సైనికుల సంఘాలు, ప్రతిపక్ష నాయకులు గొంతు కలిపారు. పార్లమెంటులో ప్రశ్నలు పడ్డాయి. 2018 మార్చి 21న పరిమితి ఎత్తేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వులో ఒక షరతు ఉంది, చాలామంది దాన్ని దాటేస్తారు. ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలు, మిలిటరీ, సైనిక్ స్కూళ్లు, కేంద్రం లేదా రాష్ట్రం గుర్తించిన బడులు, కాలేజీలు, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే స్వయంప్రతిపత్తి సంస్థలు, వీటిలో చదివితేనే రాయితీ. పరిమితిని డబ్బు మీద నుంచి తీసి సంస్థ మీద పెట్టారన్నమాట. నా మటుకు నాకు అది న్యాయమైన పరిష్కారంగానే కనిపిస్తుంది. మొదటే ఆ దారి ఎంచుకుని ఉంటే ఆరు నెలల అవమానం తప్పేది.

తుపాకీ, పలక

సైనికుడి బిడ్డకు చదువు చెప్పించడం స్వతంత్ర భారతం కనిపెట్టింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం భారత సైనికుల కొడుకుల కోసం కింగ్ జార్జ్ మిలిటరీ స్కూళ్లు పెట్టింది. జలంధర్, జీలం, తరువాత 1930లో అజ్మీర్. రెండో యుద్ధం చివర బెల్గాం, బెంగళూరు వచ్చాయి. ఇవాళ్టి రాష్ట్రీయ మిలిటరీ స్కూళ్ల మూలాలు ఇవే (జీలం పాకిస్తాన్‌కు పోయింది, జలంధర్ బడి తరువాత హిమాచల్‌లోని చైల్‌కు మారింది). 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. అదే పేర్లు మార్చుకుంటూ 1975లో కేంద్రీయ సైనిక్ బోర్డు అయింది. దొరల ఉద్దేశం మనకు తెలియనిది కాదు. తండ్రి తరువాత కొడుకు అదే పల్టన్‌లో చేరాలి, బడి అందుకు దారి. రెండో యుద్ధం నడుస్తుండగానే సైనికుల పేరున సొమ్ము పక్కన పెట్టి యుద్ధానంతర పునర్నిర్మాణ నిధి అని ఒకటి కట్టారు, తరువాత రాష్ట్రాలకు పంచారు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం పేరు వినే ఉంటారు. తాడేపల్లిగూడెం దగ్గర ఊరు, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచి మనుషుల్ని పంపింది.

స్వాతంత్ర్యం తరువాత కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉండగా 1961లో సైనిక్ స్కూళ్లు మొదలయ్యాయి. గుజరాత్‌కు జామ్‌నగర్ దగ్గర బాలాచడి, మనకు 1962 జనవరిలో విజయనగరం దగ్గర కోరుకొండ. వీటి ఉద్దేశం సైనికుల పిల్లల సంక్షేమం కాదు, ఎన్డీయేకు అభ్యర్థులను తయారుచేయడం. రెండింటినీ కలిపేసి రాయకండి. ఇంకో తేడా కూడా చెప్పాలి. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో 'క్యాప్' కోటా అని ఉంటుంది కదా, సైనికుల పిల్లలకు రెండు శాతం. సీటు ఇవ్వడానికి ఖజానాకు రూపాయి ఖర్చు లేదు. ఫీజు కట్టడానికి ఉంది. అందుకే కోటాల మీద కేంద్రానికీ రాష్ట్రానికీ గొడవ రాదు, నిధుల మీద వస్తుంది. మాజీ సైనికుల సంక్షేమం ఉమ్మడి బాధ్యత. రాష్ట్ర, జిల్లా సైనిక్ బోర్డుల నిర్వహణ ఖర్చు ప్రత్యేక హోదా రాష్ట్రాలకు 75:25, మిగతావాటికి 60:40 నిష్పత్తిలో కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి.

అమెరికా దారి వేరు

ఈ అంశం మీద ప్రపంచ ఉదాహరణ అడిగితే జీఐ బిల్లు రాయాలి. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేశారు. ముసాయిదా రాసింది అమెరికన్ లీజియన్ నాయకుడు హ్యారీ కామరీ. నేపథ్యంలో భయం ఉంది. 1932లో బోనస్ కోసం వాషింగ్టన్‌కు వచ్చిన మాజీ సైనికులను అదే దేశపు సైన్యం తరిమికొట్టింది. ఆ దృశ్యం మళ్లీ రాకూడదనుకున్నారు. విచిత్రమేమిటంటే కాంగ్రెస్‌లో అసలు రచ్చ కాలేజీ ఫీజు మీద కాదు, నిరుద్యోగ భృతి మీద. మిసిసిపీ సభ్యుడు జాన్ ర్యాంకిన్ దాన్ని అడ్డుకున్నాడు. నల్లజాతి సైనికులకూ అదే భృతి వెళ్తుందన్నది అతని బాధ. సంయుక్త కమిటీలో ఓట్లు సమానమైతే జార్జియా నుంచి జాన్ గిబ్సన్ అనే సభ్యుణ్ని రాత్రికి రాత్రి రప్పించి గట్టెక్కించారు.

ఆ చట్టంలోనూ ఫీజుకు పరిమితి ఉంది. ఏడాదికి 500 డాలర్లు. తేడా ఎక్కడంటే అప్పటి హార్వర్డ్ ఫీజు కూడా ఆ గీతకు లోపలే ఉంది. గీత గీయడం తప్పు కాదు, ఎక్కడ గీశామన్నదే ప్రశ్న. నెలకు పది వేలు అన్న మన గీత 2017 నాటి ప్రైవేటు మెడికల్ కాలేజీకి ఎంత దూరమో మీకు తెలుసు. షికాగో, హార్వర్డ్ అధిపతులు హచిన్స్, కోనంట్ ప్రమాణాలు పడిపోతాయని బెంగపడ్డారు. జరిగింది వేరు. సుమారు 22 లక్షల మంది కాలేజీల్లో చేరారు, వృత్తి శిక్షణ కూడా కలిపితే 78 లక్షలు. 1947లో అమెరికా కాలేజీల్లో చేరినవారిలో దాదాపు సగం మాజీ సైనికులే. అమలు మాత్రం స్థానిక చేతుల్లో ఉండడంతో దక్షిణాదిలో నల్లజాతి సైనికులు చాలావరకు బయటే ఉండిపోయారు.

2008లో మళ్లీ వివాదం. ఇరాక్, అఫ్గానిస్తాన్ సైనికుల కోసం సెనేటర్ జిమ్ వెబ్ కొత్త బిల్లు తెచ్చాడు. బుష్ ప్రభుత్వం, సెనేటర్ మెకెయిన్ మొదట వ్యతిరేకించారు. చదువు మరీ ఆకర్షణీయంగా ఉంటే సైనికులు త్వరగా ఉద్యోగం వదిలేస్తారన్నది వాళ్ల వాదన. కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు రెండు వైపులా లెక్క వేసింది. మళ్లీ చేరేవాళ్లు 16 శాతం తగ్గొచ్చు, కొత్తగా చేరేవాళ్లు 16 శాతం పెరగొచ్చు. ఖర్చు ఎక్కడి నుంచి అన్నదాని మీద ప్రతినిధుల సభ సంపన్నుల ఆదాయం మీద అర శాతం సర్‌చార్జి పెట్టింది, అది చివరిదాకా నిలవలేదు. జూన్ 30న చట్టమైంది. పిల్లలకు బదలాయించుకునే వెసులుబాటు కూడా చేరింది.

2017లో ఇంకో మలుపు. ఖర్చు రాబట్టుకోవడానికి కొత్తగా చేరే సైనికుల జీతం నుంచే నెలకు 100 డాలర్లు, రెండేళ్లు పట్టుకుందామన్న ప్రతిపాదన లేచింది. మాజీ సైనికుల సంఘాలు దాన్ని సైనికుల మీద పన్ను అని తిట్టాయి, ప్రతిపాదన పడిపోయింది. ఆగస్టు 16న, పదిహేనేళ్ల గడువు తీసేస్తూ, కామరీ పేరు మీదే కొత్త చట్టం వచ్చింది. సరిగ్గా నాలుగు వారాల తరువాత ఢిల్లీలో మన పది వేల ఉత్తర్వు వెలువడింది.

రెండు దేశాల మధ్య అసలు తేడా డబ్బు కాదు. అక్కడ చదువు సైనికుడికి. ఇక్కడ సైనికుడి బిడ్డకు. మన జవాను పదిహేను, పదిహేడేళ్లు పనిచేసి పెన్షన్‌తో నలభై లోపే ఇంటికొస్తాడు. అప్పుడు అతను కాలేజీకి పోతాడని ఎవరూ అనుకోలేదు, కొడుకో కూతురో పోవాలి అనుకున్నారు. మన వ్యవస్థ మొత్తం ఈ ఊహ మీద కట్టింది.

హుండీలు

విద్యా రాయితీ కేంద్ర బడ్జెట్ నుంచి వస్తుంది కాబట్టి దాని మీద పార్లమెంటులో ప్రశ్న అడగగలిగారు. మిగతా చదువు సాయాలు ఎక్కడి నుంచి వస్తాయో చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 2006-07లో మొదలైన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం ఆఫీసరు కన్నా కింది హోదా మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు. ఏటా 5,500 మంది. పేరులో ప్రధానమంత్రి ఉన్నా సొమ్ము బడ్జెట్‌ది కాదు. 1962లో చైనా యుద్ధంతో పుట్టిన జాతీయ రక్షణ నిధిది. అది పూర్తిగా స్వచ్ఛంద విరాళాల నిధి. ప్రధాని అధ్యక్షుడుగా రక్షణ, ఆర్థిక, హోం మంత్రుల కమిటీ నడుపుతుంది. 2019 మే చివర కొత్త ప్రభుత్వం తీసుకున్న మొదటి నిర్ణయం ఈ స్కాలర్‌షిప్‌ను బాలురకు నెలకు 2,000 నుంచి 2,500కు, బాలికలకు 2,250 నుంచి 3,000కు పెంచడం. ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు ఏటా 500 కొత్తగా కలిపారు.

రెండోది సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న జెండా బిళ్లలు అమ్మి కూడబెట్టేది. హవల్దార్ హోదా వరకు మాజీ సైనికుల ఇద్దరు పిల్లలకు తలా నెలకు 1,000 ఇచ్చే విద్యా గ్రాంటు ఇందులోదే. 2025 అక్టోబరులో రాజ్‌నాథ్ సింగ్ దాన్ని 2,000 చేశారు, నవంబర్ 1 నుంచి వచ్చే దరఖాస్తులకు వర్తిస్తుంది. పేదరిక గ్రాంటు, పెళ్లి గ్రాంటు కూడా రెట్టింపు చేస్తే ఏడాదికి సుమారు 257 కోట్ల భారం. అదంతా ఆ నిధి నుంచే. విరాళాల నిధి మీద నడిచే సాయాన్ని ఎవరూ కోర్టులో అడగలేరు. ఉంటే ఇస్తారు.

ఇక మా ఊరు. కార్గిల్ కాలంలో ఇక్కడ పుట్టిన జై జవాన్ నాగరిక్ సమితి ఇప్పటికీ చనిపోయిన సైనికుల కుటుంబాలకు చెక్కులు అందిస్తుంటుంది. 2016 సెప్టెంబరులో ఉరి దాడి తరువాత ఇక్కడి వ్యాపారి మహేశ్ సవాణీ ఆ సైనికుల పిల్లల చదువు బాధ్యత తీసుకుంటానని ప్రకటించారు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా తరువాత కూడా అలాగే ముందుకొచ్చారు. ఇందులో నాకు ఒక సంగతి ముఖ్యమనిపిస్తుంది. పుల్వామాలో చనిపోయిన 40 మంది సీఆర్‌పీఎఫ్ వారు. వాళ్లది హోం శాఖ. 1972 రాయితీ రక్షణ శాఖది, త్రివిధ దళాల కోసం రాసింది. ఢిల్లీలో ఏ శాఖ అన్న గీత ఉంది, సూరత్ వజ్రాల వ్యాపారికి ఆ గీత కనిపించలేదు. దాత మంచితనం అది. కాని దాత ఎవరికి ఇవ్వాలో తానే ఎంచుకుంటాడు, సాధారణంగా టీవీలో వచ్చిన దాడినే ఎంచుకుంటాడు. పేరు లేని పోస్టులో మంచు పెళ్లలు విరిగి ఒక్కడే చనిపోతే చందాలు లేవవు.

రాష్ట్ర ప్రభుత్వాలదీ ఇంచుమించు ఇదే ధోరణి. 2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు మరణించాక తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 హోదా ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 మంది కుటుంబాలకు, వాళ్లు వేరే రాష్ట్రాల వాళ్లయినా, తలా 10 లక్షలు ఇచ్చింది. ఎవరూ తప్పు పట్టలేదు, పట్టకూడదు కూడా. కాని ఈ మొత్తాలు ఒక రాష్ట్రానికి ఒకలా, ఒక ఘటనకు ఒకలా ఉంటాయి. వీటితో పోలిస్తే ఎవరి పేరూ అడగకుండా, ఏ రాష్ట్రమో చూడకుండా ఫీజు కట్టే 1972 పథకం ఎంత నిశ్శబ్దమైనదో కనిపిస్తుంది. నిశ్శబ్దంగా ఉంది కాబట్టే ఒక గుమాస్తా దాన్ని భత్యాల జాబితాలో చేర్చగలిగాడు.

నాలుగేళ్ల సైనికుడు

ఇప్పుడు ఆ పాత ఊహ చెదిరిపోతోంది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరినవారిలో 25 శాతం వరకే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావారు నాలుగేళ్లకు, ఇరవై రెండు నుంచి ఇరవై ఐదేళ్ల మధ్య వయసులో, పెన్షన్ లేకుండా బయటకు వస్తారు. ఇతనికి బిడ్డ చదువు సమస్య లేదు, తన చదువే సమస్య. అంటే భారతదేశానికి మొదటిసారి జీఐ బిల్లు అవసరమైన సైనికుడు తయారవుతున్నాడు.

అతనికి ఇచ్చేది సేవా నిధి. నెల జీతంలో 30 శాతం కోసి పక్కన పెడతారు, నాలుగేళ్లలో అది 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో సుమారు 11.71 లక్షలు, ఆదాయ పన్ను లేదు. పదో తరగతితో చేరినవారికి ఎన్ఐఓఎస్ ద్వారా పన్నెండో తరగతి సర్టిఫికెట్, ఇగ్నో డిగ్రీలో సగం క్రెడిట్లు సైనిక శిక్షణకే. అమెరికా 2017లో సైనికుడి జీతం నుంచి పట్టుకుందామని చూసి వెనక్కి తగ్గిన ఆలోచన గుర్తుందా? ఇక్కడ సగం సొమ్ము అతని జీతానిదే. ప్రభుత్వ వాదన ఏమిటంటే డబ్బు చేతికిస్తే చదువో వ్యాపారమో అతనే తేల్చుకుంటాడు. ఎదుటి వాదన ఏమిటంటే పెళ్లికావలసిన అక్క, అప్పున్న ఇల్లు ఉన్న కుర్రాడి చేతిలో పెట్టిన మొత్తం కాలేజీ దాకా చేరదు, ఫీజు కింద కడితేనే ఫీజవుతుంది. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. మా వీధిలో మిల్లు మూతపడ్డప్పుడు వచ్చిన పరిహారం ఎవరి ఇంట్లోనూ చదువుగా మారలేదు.

మొదటి విడత అగ్నివీరులు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణలో చేరారు. వాళ్ల నాలుగేళ్లు 2026 చివరి నుంచి ముగుస్తాయి. వాళ్లలో కొందరు మనతోపాటే ఇదే పరీక్షల హాలులో కూర్చుంటారు.

ప్రాక్టీస్ ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): సైనికులకూ వారి కుటుంబాలకూ ఇచ్చే విద్యా సాయం బడ్జెట్ నుంచి రావడానికీ విరాళాల నిధి నుంచి రావడానికీ రాజ్యాంగ, పాలనా దృష్టిలో తేడా ఏమిటి? 2017-18 నాటి పది వేల పరిమితి వివాదాన్ని ఆధారం చేసుకుని చర్చించండి.